ఆముదమా.. మజాకా!

మా ఇల్లు గౌలిపురలో. తాత కట్టించిన పాత ఇల్లు. టేకు తలుపులు, లావుపాటి ఇనుప బందులు. వానాకాలం వచ్చిందంటే ప్రతి తలుపూ ఓ రాగం తీస్తుంది. నాకేమో రాత్రి పదకొండున్నర దాకా అమెరికా టీమ్‌తో కాల్స్. కాల్ అయ్యాక మంచినీళ్ల కోసం వంటింటి తలుపు తీస్తే చాలు, 'కిర్ర్ర్'మని ఇల్లంతా లేచేది.

ఇన్నాళ్లూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మొన్న అక్క పురుటికి వచ్చాక మాత్రం అది పెద్ద గొడవయింది. పాపని పడుకోబెట్టడానికి గంట పడుతుంది, లేపడానికి ఒక్క 'కిర్ర్' చాలు. ఓ రాత్రి అక్క చూసిన చూపుకి భయపడి, అక్కడికక్కడే ఫోన్ తీసి బందులకు కొట్టే స్ప్రే కోసం వెతకడం మొదలుపెట్టా.

"గా ఫోన్ పక్కకు పెట్టు" అంది నాయినమ్మ. బాత్‌రూమ్‌లోకి వెళ్లి, ఆదివారం తలంటుకు వాడే ఆముదం సీసా పట్టుకొచ్చింది. పాత బట్టతో బందుల మీది దుమ్ము తుడిచింది. కోడి ఈకతో రెండంటే రెండు చుక్కలు వేసింది. తలుపు నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించింది. అంతే, చప్పుడు బంద్!

ఈ వారం కబుర్లు ఆ సీసా గురించే. మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక మూల ఉండే ఉంటుంది. తలకు రాస్తే దిండు పాడవుతుందని, వాసనని, జిడ్డని మనం పక్కన పెట్టేసిన సీసా. ఇంట్లో అది చేసే పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలాగే దాన్ని అస్సలు వెయ్యకూడని చోట్లు కూడా ఉన్నాయి. అవి నాకు కొంచెం కష్టంగా తెలిశాయి. అదీ చెప్తాను.

ఎందుకంత జిడ్డు?

ముందు ఈ 'ఎందుకు' తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది.

ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా ఒకటే రకం. దాని పేరు రిసినోలిక్ ఆమ్లం. మిగతా నూనెల్లో ఇది దాదాపు కనిపించదు. దీని కార్బన్ గొలుసులో 12వ కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుందిగా, ఆ ఓహెచ్. అది చిన్న కొక్కెంలా పని చేస్తుంది. పక్క అణువుని పట్టుకుంటుంది, కింద ఉన్న ఇనుమునీ పట్టుకుంటుంది. అందుకే మామూలు వేడిలో ఆముదం నువ్వుల నూనె కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఒకసారి అంటుకుంటే అంత తేలిగ్గా వదలదు.

ఇంకో సంగతి. సన్‌ఫ్లవర్ నూనె తలుపు బందులకు వేస్తే కొన్నాళ్లకు గాలి తగిలి బంకలా తయారవుతుంది. ఆముదం అలా ఆరిపోయే రకం కాదు. నెలలు గడిచినా నూనె నూనెలాగే ఉంటుంది.

ఈ గుణాన్ని మా నాయినమ్మ కంటే ముందే ఇంజనీర్లు కూడా కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో వాడింది ఆముదమే. పెట్రోల్‌లో అంత సులభంగా కలిసిపోదు కాబట్టి ఇంజన్ లోపల పల్చబడేది కాదు. ఇంజన్ నుంచి ఎగిరిపడే ఆముదం ముఖాన కొట్టుకుని పైలట్లకు కడుపు కదిలేదని కూడా అంటారు! ఇప్పుడు బండికి పోయించుకునే క్యాస్ట్రాల్ ఆయిల్ ఉంది చూశారూ, 1909లో ఆ పేరు పుట్టింది ఆముదం ఇంగ్లిష్ పేరు 'క్యాస్టర్' నుంచే.

కందిపప్పుకు కవచం

తలుపు అయిన రెండో రోజు వంటింట్లో సీన్. నెలకు సరిపడా కందిపప్పు తెచ్చాం. నాయినమ్మ దాన్ని ఓ పూట ఎండలో పోసి, చల్లారాక చేటలోకి తీసుకుంది. అరచేతులకు ఆముదం రాసుకుని పప్పునంతా రుద్దింది. కిలోకు ఒక టీస్పూన్, అంతకు మించి లేదు. తర్వాత బేగంబజార్లో కొన్న స్టీల్ డబ్బాలోకి ఎత్తేసింది.

ఇది వట్టి నమ్మకం కాదు. పప్పుకు పట్టే పుచ్చు పురుగు గుడ్లు పెట్టేది గింజ పైపొర మీదే. పైన సన్నటి నూనె పొర ఉంటే గుడ్డుకు గాలి ఆడదు, పిల్ల బయటికి రాదు. పురుగుకు గింజ మీద నిలబడడమే కష్టమవుతుంది. నిల్వ చేసే పప్పు గింజలకు కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల నూనె పట్టించమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇందుకే. మా చిన్నాన్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి ఇండియన్ స్టోర్‌లో 'తూర్ దాల్ ఆయిలీ' అని ప్యాకెట్ చూసి ఇదేంటని ఫొటో పెట్టాడు. ఇదే అన్నా అది!

"మరి ఆముదం కడుపులోకి పోతే?" అని మీకు డౌట్ రావాలి. నాకూ వచ్చింది, లెక్క వేశా. కిలోకు 5 మిల్లీలీటర్లంటే, నలుగురికి వండే పావు కిలో పప్పు మీద ఒకటింపావు మిల్లీలీటరు. మనిషికి మూడో వంతు మిల్లీలీటరు కూడా రాదు. విరేచనం కోసం పెద్దవాళ్లకు ఇచ్చే మోతాదు 15 నుంచి 60 మిల్లీలీటర్లు. అయినా సరే, వండే ముందు గోరువెచ్చని నీళ్లతో రెండు మూడుసార్లు కడగడం తప్పనిసరి. నీళ్ల మీద తేలే జిడ్డు పోయేదాకా కడగాలి.

ఇక్కడో హెచ్చరిక. పప్పుకు వాడేది స్వచ్ఛమైన ఆముదం అయి ఉండాలి. దీపం నూనె సీసాల మీద 'తినడానికి కాదు' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అవి వద్దు. సెంటు కలిపిన హెయిర్ ఆయిల్ అసలే వద్దు. లేబుల్ చదవకుండా పప్పు డబ్బా దగ్గరికి ఏ సీసానూ రానివ్వకండి.

చెప్పులు, ఈలపీట, ఇంకా బోలెడు

మా గల్లీ చివర చెప్పులు కుట్టే చాచా ఉన్నాడు. నా లెదర్ బూట్లు వానకు తడిసి, ఆరి, అప్పడంలా తయారయ్యాయని తీసుకెళ్తే నవ్వాడు. "అరండీ కా తేల్ హై ఘర్ మే? జ్యాదా నక్కో, జరాసా బస్" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశా. బూటు పూర్తిగా ఆరాక, మెత్తని బట్టకు నాలుగు చుక్కలు అద్ది సన్నగా పూసి, రాత్రంతా వదిలేసి, పొద్దున పొడి బట్టతో తుడిచేశా. తోలు మెత్తబడింది. కాకపోతే రంగు ఒక షేడ్ ముదురుతుంది. అందుకని ముందు కనపడని చోట రాసి చూసుకోండి. స్వెడ్ బూట్లకు మాత్రం వద్దు.

ఈలపీట, కత్తెర, సుత్తి, పారలాంటి ఇనుప సామాన్లను తుడిచి ఆరబెట్టి ఓ పూత పూస్తే వానాకాలమంతా తుప్పు పట్టవు. గాలిలోని తేమ ఇనుమును తాకదు కాబట్టి. ఈలపీటను మాత్రం వాడే ముందు సబ్బుతో కడగాలి. దోసె పెనానికి ఆముదం వద్దు, దానికి వంట నూనే కరెక్టు.

కొత్త స్టీల్ గిన్నె మీద గట్టిగా అంటుకున్న ధర స్టిక్కర్ ఉంటుంది కదా. గోళ్లు విరగ్గొట్టుకోకండి. కాగితం పైపొర లాగేసి, మిగిలిన జిగురు మీద ఆముదం పూసి పావుగంట ఆగండి. తర్వాత శనగపిండితో రుద్దితే వచ్చేస్తుంది. వేలికి ఇరుక్కున్న ఉంగరం, మణికట్టు దాటని గాజు, పనసపండు కోసినప్పుడు చేతులకంటే జిగురు.. అన్నింటికీ ఇదే మందు. పనసకైతే కోయకముందే చేతులకు రాసుకోవాలి.

పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. కుట్టు మిషన్‌కూ ఫ్యాన్‌కూ ఆముదం వెయ్యకండి, అంత చిక్కని నూనె వాటికి బరువు. తాళం కప్ప లోపల వేస్తే మన హైదరాబాద్ దుమ్మంతా పోగై తాళంచెవి తిరగనే తిరగదు. దానికి పెన్సిల్ ముల్లు పొడి బెస్ట్. అన్నిటికంటే ముఖ్యం బాత్‌రూమ్ నేల. తలంటు అయ్యాక కింద పడ్డ ఆముదం నీళ్లతో పోదు. సబ్బు పొడి చల్లి రుద్ది కడగాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్లు జారి తుంటి విరగ్గొట్టుకునేది అక్కడే.

మన నేల పంటే

ఆముదం ఎక్కడిదో కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల చల్కా నేలల్లో వాన మీద ఆధారపడి పండిన పంట ఇది. కిరోసిన్ రాకముందు ఇళ్లలో వెలిగినవి ఆముదం దీపాలే. పాత బస్తీ నుంచి ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్ వస్తుంది. అక్కడ 1977లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్ పెట్టారు. ఇప్పుడది భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. వాళ్లు పని చేసే పంటల్లో ఆముదం ఒకటి. ఆముదం పండించడంలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. అందులో సింహభాగం గుజరాత్‌ది. మన దగ్గర గెలలు కాయ పట్టే వేళకు ముసురు పడితే బూజు తెగులు మొత్తం తినేస్తుంది. రైతులు పత్తి వైపు మళ్లడంతో సాగు బాగా తగ్గిపోయింది.

'ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం' అని వెక్కిరిస్తాం గానీ, ఆ చెట్టు గింజ నుంచి ఇప్పుడు నైలాన్-11 అనే ప్లాస్టిక్ తయారు చేస్తున్నారు. కార్లలో ఇంధనం పారే గొట్టాలకు దాన్ని వాడతారు. వెక్కిరింపు కాస్త తగ్గించుకుందాం.

పైకి ఓకే, లోపలికి నో

ఇప్పుడు అసలు విషయం.

పాపకి మూడో నెల నడుస్తోంది. ఓ ఆదివారం ముక్కు మూసుకుపోయి గురగురమంటోంది. నాయినమ్మ కాళ్లు చాపి పాపని పడుకోబెట్టుకుని, తానం పోయబోతూ ఆముదంలో దూది ముంచింది. "ముక్కుల రెండు సుక్కలేస్తే సలువ కరుగుతది" అంది. నేను పక్కనే ఉన్నా. తలుపు, పప్పు, బూట్లు చూసి అప్పటికే ఆముదానికి ఫ్యాన్ అయిపోయా. నాకేం తప్పనిపించలేదు. అక్కే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు నాయినమ్మా, డాక్టర్‌ని అడిగినంక ఏద్దాం" అంది.

సాయంత్రం పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కోప్పడలేదు, బొమ్మ గీసి చెప్పారు. నీళ్లు పొరపాటున గాలి గొట్టంలోకి పోతే దగ్గొచ్చి బయటికి వచ్చేస్తాయి. నూనె అలా కాదు. మెత్తగా, చప్పుడు లేకుండా జారిపోతుంది. దగ్గు కూడా సరిగా రాదు. ఊపిరితిత్తుల్లో దాన్ని అరిగించే ఏర్పాటు లేదు. అక్కడే అతుక్కుని వాపు తెస్తుంది. దాన్ని లైపాయిడ్ న్యుమోనియా అంటారు. నెలల పిల్లలకు అది ప్రాణం మీదికి తేగలదు.

వింటుంటే నాకు చెమటలు పట్టాయి. తలుపు బందును పట్టుకుని వదలని గుణమే అక్కడ కూడా పని చేస్తోంది. బందుకు మేలు చేసేది ఊపిరితిత్తికి కీడు.

డాక్టర్ ఒంటికి మాలిష్ వద్దనలేదు. పాపకి కొబ్బరి నూనె అయితే తేలిక అన్నారు. ముక్కు, చెవి, కన్ను, నోరు, బొడ్డు, ఈ ఐదు తలుపులూ మాత్రం మూసేయమన్నారు. ఆవిడ మాట, నేను ఆ తర్వాత చదివింది కలిపి మీ కోసం చిన్న జాబితా:

ఒకటి, కళ్లు. ఆముదం కంట్లో వేస్తే శుక్లాలు కరుగుతాయని రీల్స్ తిరుగుతున్నాయి. కరగవు. కళ్లు పొడిబారినవాళ్లకు రాసే కొన్ని ఐ డ్రాప్స్‌లో ఆముదం ఉండే మాట నిజమే. కానీ అది క్రిములు లేకుండా శుద్ధి చేసి తయారు చేసిన మందు. మన బాత్‌రూమ్ సీసా కాదు. పసిపిల్లల కళ్లకు కాటుక కూడా వద్దనే అంటారు డాక్టర్లు. బజారు సుర్మాల్లో సీసం ఉండే ప్రమాదం వేరే.

రెండు, గర్భిణులు. ఆముదం తాగితే నొప్పులు త్వరగా వస్తాయని పెద్దవాళ్లు అనడం మీరూ వినే ఉంటారు. అది ఉత్త మాట కాదు, అందుకే ప్రమాదం. 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు దాని గుట్టు విప్పారు. రిసినోలిక్ ఆమ్లం పేగుల్లోనూ గర్భసంచిలోనూ ఉండే ఈపీ3 అనే రిసెప్టర్‌ను మేల్కొలుపుతుంది. పేగులు కదిలేదీ, గర్భసంచి ముడుచుకునేదీ దానివల్లే. ఆ స్విచ్ మనం ఇంట్లో నొక్కేది కాదు. డాక్టర్ చెప్పనిదే వద్దు.

మూడు, జుట్టు. ఆముదంతో జుట్టు గుబురుగా పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. 2017లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో మన దేశపు అమ్మాయి కేసు ఒకటి వచ్చింది. వయసు 20. ఆముదం, కొబ్బరి నూనె కలిపి రాసుకుని తలస్నానం చేసింది. పొడవాటి జుట్టు పిట్టగూడులా చిక్కుపడి గట్టి ముద్దయిపోయింది. చివరికి కత్తిరించాల్సి వచ్చింది. ఇలా జరగడం చాలా అరుదు. అయినా పొడవు జుట్టువాళ్లు తలంతా ముంచేయకుండా కొంచెమే రాసుకోండి. కడిగేటప్పుడు జుట్టంతా నెత్తి మీదికి పోగేసి రుద్దకండి.

నాలుగు, గింజ. నూనె వేరు, గింజ వేరు. ఆముదపు గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అది ప్రొటీన్, నూనెలోకి దిగదు. గట్టిగా వేడి చేస్తే చచ్చిపోతుంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి తీసే వంటాముదం వెనక ఉన్న తెలివి అదే. గింజల్ని మాత్రం పిల్లల చేతికి అందనివ్వకండి. టెర్రస్ గార్డెన్ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించే ఆముదపు పిండి ఎరువుతోనూ జాగ్రత్త. కుక్కలు దాన్ని తిండి అనుకుని తిని ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. మట్టిలో బాగా కలిపేయండి, సంచి మూతి కట్టి ఎత్తున పెట్టండి.

ఆ రాత్రి

డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాక నాయినమ్మ అన్నం సరిగా తినలేదు. "గట్లయితే మీ నాయినకు ఏసిన, నీకేసిన, మీ అక్కకేసిన. మీరంత మంచిగనే ఉన్నరు గద" అంది. నిజమే. చాలామందికి ఏమీ కాదు. అందుకే ఈ అలవాటు ఇన్నేళ్లు బతికింది. ఏమైనా అయినవాళ్ల ఇంట్లో మాత్రం అది ఆముదం వల్లని ఎవరూ అనుకోలేదు. జ్వరమొచ్చింది, నిమ్ము చేసింది, పోయాడు అనుకున్నారు.

కాల్ ముగించుకుని నీళ్ల కోసం లేచా. తలుపు చప్పుడు చెయ్యలేదు. అయినా నాయినమ్మ మేలుకునే ఉంది. చీకట్లో అడిగింది. "మా రెండోడు నాలుగో నెలల నిమ్ముతోనే పోయిండు బిడ్డా. నూనెతోనేనా?"

కాదన్నా. అప్పట్లో ఇప్పటి టీకాలు లేవు, నిమ్ముకు వంద కారణాలుంటాయని చెప్పా. అవన్నీ నిజాలే. కానీ ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. డాక్టర్ దగ్గరా ఉండదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమే అంది. "నాకు ఎవ్వలు చెప్పలే. నువ్వు నలుగురికి చెప్పు."

అందుకే ఈ వారం ఇది రాశా.

బామ్మల మాటలన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసేవాళ్లున్నారు. బామ్మ చెప్పిందంటే సైన్సేనని రీల్ చేసేవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో ఒకే సీసా, ఒకే నాయినమ్మ. తలుపు విషయంలో నూటికి నూరు శాతం ఆమె మాటే కరెక్టు. పాప ముక్కు విషయంలో కాదు. దేనికది అడిగి తెలుసుకోవాలి. అడగడానికి సిగ్గెందుకు? అక్క అడ్డం పెట్టింది ఒక చెయ్యి, అడిగింది ఒక ప్రశ్న. అంతేగా!

మీరు చెయ్యాల్సింది చిన్న పని. ఈ ఆదివారం మీ ఇంట్లో ఆముదం సీసా ఎక్కడుందో వెతకండి. కిర్రుమనే తలుపుకు రెండు చుక్కలు వెయ్యండి. తెలిసినవాళ్ల ఇంట్లో పసిబిడ్డ ఉంటే, ముక్కులో నూనె వెయ్యొద్దని ఫోన్ చేసి చెప్పండి. మెసేజ్ ఫార్వర్డ్ చేసి వదిలేయకండి. ఆ ఇంట్లో నీళ్లు పోసే పెద్దావిడతో నేరుగా, గౌరవంగా, అర్థమయ్యేలా మాట్లాడండి.

మా ఇంట్లో ఇప్పుడు ఆముదం సీసా బాత్‌రూమ్‌లో లేదు. వంటింటి అల్మారాలో పప్పు డబ్బాల పక్కకి చేరింది. మొన్న ఆదివారం నాయినమ్మ కొబ్బరి నూనెతో పాప కాళ్లూ చేతులూ మాలిష్ చేసింది. అయ్యాక మూత గట్టిగా బిగించి నావైపు చూసింది. "ముక్కుల ఏస్తలేను తియ్.. పో, నీ కాల్ చూసుకో" అంది. పాప పకపకా నవ్వింది.